కూర్చుంటే వచ్చే తలనొప్పి

ఆగస్టు 20, బుధవారం

ఇది పోయిన ఏడాది డైరీ. విత్తనాల కంపెనీ వాళ్లు మా కొడుకు లక్ష్మణ్‌కు ఇచ్చింది. మొదటి కాగితం మీద వాడి సంతకం ఉంది. నాలుగు రకాలుగా పెట్టి చూసుకున్నాడు, ఏది బాగుందో తేల్చుకున్నట్టు లేదు. తర్వాత అంతా తెలుపే. వాడు పోయి ఏడాది దాటింది. కాగితాలు ఊరికే పడి ఉన్నాయని నేను రాస్తున్నాను.

తారీఖులు సరిపోతున్నాయి కానీ వారాలు సరిపోవడం లేదు. అచ్చు వేసిన వారం కొట్టేసి నాకు కావలసిన వారం రాసుకుంటున్నాను. ఈ ఇంట్లో నేను చెప్పినట్టు వినేది ఈ పుస్తకం ఒక్కటే. నా చదువు ఐదో తరగతి. తప్పులు పోతే పోనీ, ఎవరు చూడొచ్చారు.

ఇవాళ జయశ్రీని గద్వాల దవాఖాన నుంచి ఇంటికి తెచ్చుకున్నాము. శనివారం ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. నడుముకు సూది ఇచ్చారు. కింద సగం మొద్దుబారితే పైసగం డాక్టరమ్మతో ముచ్చట పెడుతూనే ఉందట. నా బిడ్డే అనడానికి వేరే సాక్ష్యం అక్కర లేదు.

చంటిది ఎర్రగా, ముడతలు పడి, అచ్చం చచ్చిపోయిన మా మామ లాగుంది. మీసాలు ఒక్కటే తక్కువ. ఎవరితోనూ అనలేదు.

బయలుదేరేటప్పుడు నర్సు నన్ను, ఎంతమంది పిల్లలమ్మా నీకు, అని అడిగింది. ఇద్దరు అన్నాను. జయశ్రీ నా మొహం చూసింది. చూస్తే చూడనీ. ఇద్దరే కదా.

ఆగస్టు 21, గురువారం

ఎంకమ్మ వదిన దిగింది. మా ఆయనకు అక్క. లింగాల నుంచి బస్సులు మారి వచ్చింది. ఒక సంచిలో శొంఠి, వాము, మిరియాలు. ఇంకో సంచిలో పాత పంచెలు. నోటినిండా ఆజ్ఞలు.

కాళ్లు కడుక్కోకముందే మంచం జరిపించింది. కిటికీ మూయించింది. జయశ్రీ చెవుల్లో దూది పెట్టి, తలకు పంచె చుట్టి బిగించి కట్టింది. నా బిడ్డ కుస్తీకి పోయే పహిల్వాన్ లాగా తయారైంది.

"పగలు పండుకోవద్దు. ఒళ్లంత నీరు పడ్తది. గోడకు ఆనుకొని కూసో" అంది వదిన. "నీళ్లు గుటకెడు తాగాలె, అవి గూడ కాగినయి. ఇంక దూపైతే పెదాలు తడుపుకో."

జయశ్రీ కూర్చుంది. కూర్చున్న కాసేపటికే మొహం సున్నం కొట్టినట్టయింది. "అత్తమ్మా, తల మీద రోలు పెట్టినట్టున్నది. మెడ ఎనకకు గుంజుతున్నది" అంది. మొన్న దవాఖానలో కూడా ఇట్లాగే అంది, అలసట అనుకున్నాను. పడుకోబెట్టాము. కాసేపటికి మొహంలోకి రంగు వచ్చింది. ఫోన్ తీసి, వనపర్తిలో ఉన్న మొగుడితో మాట్లాడుతూ కిలకిల నవ్వుతోంది.

ఎంకమ్మ వదిన గడప దగ్గర నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి చూసింది.

"ఇన్ని కాన్పులు చేసిన, గిసొంటి తలనొప్పి యాడ చూడలే. కూసుంటే వస్తదంట, పండుకుంటే పోతదంట. గది నొప్పి గాదు జానకీ, నౌకరి. టైముకు ఎక్కుతది, టైముకు దిగుతది."

నాకు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో నేను నవ్వితే అందరూ తిరిగి చూస్తారు. అందుకని దాన్ని దగ్గు చేశాను.

ఆగస్టు 22, శుక్రవారం

శొంఠి గంధం తీసి నుదుటికి పట్టు వేసింది. సాంబ్రాణి వేసింది. ఉప్పు మిరపకాయలు దిష్టి తీసింది. ఇల్లంతా పొగకు చంటిది తుమ్మింది, మా ఆయన తుమ్మాడు, గోడ మీద బల్లి కూడా ఎటో పోయింది. తలనొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

నేనూ ఒక పరీక్ష పెట్టాను. వదిన స్నానానికి పోయినప్పుడు జయశ్రీ చెవిలో దూది తీసి, "మీ అత్తమ్మ లేదు. నాతోని నిజం చెప్పు. ఏసాలు ఏస్తున్నవా?" అన్నాను.

లేచి నిలబడి చూపించింది. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసింది, రెండు చేతులతో తల పట్టుకుని కిందికి జారిపోయింది. తిన్నదంతా కక్కింది.

వేషం కాదు. వేషాలు నాకు తెలుసు. బడి ఎగ్గొట్టడానికి లక్ష్మణ్ వేసేవాడు. కడుపునొప్పి అని ఏడుస్తూ మోకాలు పట్టుకునేవాడు. కడుపు యాడుందిరా అని అడిగితే చెయ్యి పైకి జరుపుకునేవాడు.

ఆగస్టు 23, శనివారం

కుట్లు చూపించడానికి గద్వాల పోయాము. మెహజబీన్ వాళ్ల ఆయన షోయబ్ కారు. మెహజబీన్ అంటే మా పక్కింటి కిరాణం ఆమె. జయశ్రీ వెనక సీట్లో పడుకుని దారంతా షోయబ్ పాటలకు వంకలు పెడుతూ వచ్చింది. దవాఖాన బెంచీ మీద కూర్చోగానే నోరు పడిపోయింది. అది చూస్తే నాకు నొప్పి ఎంతో తెలిసింది.

డాక్టరమ్మ అడిగింది, "కూర్చుంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ, అంతేనా?"

"అంతే మేడం. మా మేనత్త దీన్ని నౌకరి అంటది" అంది జయశ్రీ, తల పట్టుకునే.

డాక్టరమ్మ నవ్వింది, ఆ తర్వాత నిదానంగా చెప్పింది. మత్తుసూది పోయిన చోట సన్నటి బొక్క ఒకటి మిగిలిందట. మెదడు చుట్టూ ఉండే నీరు అందులో నుంచి కొంచెం కొంచెం కారుతోందట. లేస్తే కారుడు ఎక్కువ, అందుకే నొప్పి. ఏ కొందరికో ఇట్లా అవుతుంది, చాలామందికి దానంతట అదే పూడుతుంది అంది. పడుకోవాలి. నీళ్లు బాగా తాగాలి. కాఫీ తాగితే మంచిదే. బీపీ చూసింది, మాత్రలు ఇచ్చింది.

నాకు వెంటనే అర్థమైంది. కంపెనీకి విత్తనాలు పండించే మా సీడు పత్తి చేనులో డ్రిప్పు పైపును ఎలుక కొరికితే చివరి సాలుకు నీళ్లు అందవు. అంతే కదా.

"మూడు నాలుగు రోజుల్లో తగ్గకపోయినా, చెవులకు కళ్లకు ఏమన్నా తేడా వచ్చినా ఆగొద్దు. కర్నూలు పెద్ద దవాఖానకు పోండి" అంది. చేతిలో నుంచి రక్తం తీసి నడుములో అదే చోట ఎక్కిస్తారట. అది గడ్డకట్టి బొక్క మూసుకుంటుందట.

"పైపుకు రబ్బరు చుట్టినట్టు" అన్నాడు మా ఆయన. ఇవాళంతా ఆయన మాట్లాడింది ఆ ఒక్క ముక్కే.

కర్నూలు.

మా నడిగడ్డ బతుకే అంత. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, ఎటు పోవాలన్నా నీళ్లు దాటాలి. పురుడు కాని బాలింత ఏరు దాటకూడదు. ఇది నేను పెట్టింది కాదు, పెద్దలు పెట్టింది. ఎంకమ్మ వదిన చచ్చినా ఒప్పుకోదు. ఆమెకు ఆ మాట చెప్పి అనవసరంగా ఇంట్లో లొల్లి ఎందుకని చెప్పలేదు. ఆమెతో అనొద్దని మా ఆయనకు కూడా చెప్పాను.

అయినా తగ్గుతుంది. చాలామందికి తగ్గుతుందని డాక్టరమ్మే అంది.

ఎర్రవల్లి చౌరస్తాలో లక్ష్మణ్‌ను బండి గుద్దినప్పుడు కర్నూలుకే తీసుకుపోయారు. అది వేరే సంగతి.

ఆగస్టు 24, ఆదివారం

ఇవాళ నేను చేసిన దొంగతనాలు.

నీళ్ల సీసాను చంటిదాని గుడ్డల మూటలో చుట్టి లోపలికి చేరవేశాను. వదిన మూట ముట్టదు, ముట్టుకుంటే మళ్లీ స్నానం చేయాలి. దేవుడు అన్నింటికీ ఒక తొవ్వ పెడతాడు.

కాఫీకి ఇంకా ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. మెహజబీన్ కొట్టుకు పోయి పొడి అడిగాను.

"మీ ఇంట్ల కాఫీ ఎవరు తాగుతరక్కా?" అంది.

"కాఫీ గాదు, కషాయం."

"కషాయం పొడి మా తాన లేదు."

"నీ తాన కాఫీ పొడి ఉన్నదా?"

"ఉన్నది."

"గదే కషాయం."

ఆమె అర్థం చేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, అంత పొడి కట్టి ఇచ్చింది. మా వదిన ఎంత గట్టిదో ఊరంతా తెలుసు.

పాలు పోయకుండా నల్లగా కాచి, బెల్లం వేసి, ఇత్తడి గ్లాసులో తీసుకుపోయాను. వదిన గడపలోనే ఆపింది.

"ఏందే గది?"

"కషాయం వదినా. డాక్టరమ్మ చెప్పింది."

వేలు ముంచి నాకింది. కళ్లు మూసుకుని కాసేపు రుచి చూసింది.

"చేదున్నది. చేదుంటే పనిచేస్తది. తాగనియ్యి" అంది.

జయశ్రీ పడుకునే, తల పక్కకు తిప్పి, గ్లాసు ఖాళీ చేసింది. నా వైపు కన్ను కొట్టింది. అచ్చం వాడి లాగే.

ఆగస్టు 25, సోమవారం

ఇప్పుడు పడుకోబెట్టే ఉపాయం. పగలు పడుకోవద్దన్న మాట మీద వదిన కొండలాగా కూర్చుంది.

"పండుకొని ఇస్తేనే పాలు మంచిగ దిగుతయంట వదినా. డాక్టరమ్మ గట్టిగ చెప్పింది" అన్నాను. డాక్టరమ్మ అట్లాంటిదేమీ చెప్పలేదు. కానీ పాలు అనేసరికి వదిన నోరు కట్టుపడింది. పాల మీద ఆమె ఎవరితోనూ వాదించదు.

పొద్దుటి నుంచి చంటిదానికి పాలు ఇస్తూనే ఉన్నాము. అది తాగి తాగి విసుగొచ్చి మొహం తిప్పుకుంటే, మళ్లీ తిప్పి పెడుతున్నాము. మా మామ పోలికలు తగ్గి బుగ్గలు వస్తున్నాయి.

మధ్యాహ్నం వదిన వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. "జానకీ, నా మోకాళ్లు గూడ గుంజుతున్నయే. జర ఆ కషాయం నాకు గూడ పొయ్యి. బెల్లం ఇంకింత ఎయ్యి."

పోశాను. మొహం అటు తిప్పుకుని పోశాను.

ఇంత చేసినా కూర్చుంటే నొప్పి అట్లాగే ఉంది. చెవుల్లో తేనెటీగల మోత అంటోంది. దూది పెట్టుకున్నందుకు అయి ఉంటుంది.

మా ఆయన చేను నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ అడిగాడు, "కర్నూలు ఎప్పుడు పోదాం?"

"మీ అక్క ఒప్పుకోవాలె గద."

"అడిగితివా?"

"అడగాల్నా? తెల్వదా?"

ఆయన కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. పత్తి మొగ్గలు గిల్లే పని జోరుగా ఉంది, మనుషులు దొరకడం లేదు అన్నాడు. అట్లాంటప్పుడు కర్నూలు ఎట్లా పోతాము. నేననేది కూడా అదే.

ఆగస్టు 26, మంగళవారం

పురుడు అయింది. జయశ్రీకి తలస్నానం పడుకోబెట్టే పోశాము, పీట మీద కూర్చోలేకపోయింది.

అల్లుడు శ్రవణ్ కుమార్ ఫోన్ చేశాడు. "అత్తమ్మా, కర్నూలు దూరమైతే వనపర్తికి తీసుకరాండ్రి. ఈడ చూపిద్దాం."

"అటు కృష్ణ ఉంది బాబూ" అన్నాను.

"బ్రిడ్జి గూడ ఉంది గదా అత్తమ్మా" అన్నాడు. మంచి పిల్లవాడే కానీ ఆచారాలు తెలియవు. మొబైల్ షాపులో పెరిగినవాడు.

పురుడైపోయింది కదా అని మా ఆయన కూడా అందుకున్నాడు. పురుడైతే సరిపోదు, ఇరవై ఒకటో రోజు కావాలె అన్నాను. ఇరవై ఒకటి అని నేను ఎక్కడో విన్నాను. ఎక్కడో గుర్తు లేదు. విన్నాను.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. మా వాడలో మండపం పెట్టారు. సరిగ్గా మా కిటికీకి ఎదురుగా మైకు. ప్రతి పాటకు జయశ్రీ కళ్లు గట్టిగా మూసుకుంటోంది.

ఎంకమ్మ వదిన చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని బయటికి పోయింది. కాసేపటికి పాట సగంలో తెగిపోయింది. పిల్లగాళ్లు గోల చేశారు.

"దేవునికి చెవుడు లేదురా. మెల్లగ పెట్టినా వింటడు. నా మేనకోడలికి తల పగుల్తుంది" అని వదిన గొంతు మైకు లేకుండానే ఊరంతా వినిపించింది.

చంటిది నిద్రపోతోంది కదా, అందుకే పోయి ఉంటుంది.

తిరిగి వచ్చి మంచం పక్కన నిలబడింది. జయశ్రీ ఆమెను చూసి, ఒక కన్ను మూసి, మళ్లీ తెరిచి, మెల్లగా నవ్వింది.

"అమ్మా, ఇద్దరు అత్తమ్మలు కనబడ్తున్నరే."

నేను కూడా నవ్వాను. ఒక్క ఎంకమ్మకే ఇల్లు చాలడం లేదు, ఇద్దరైతే మేము గొడ్ల కొట్టంలో పడుకోవాలి అన్నాను. అది నవ్వుతూనే ఉంది. నవ్వుతూ ఒక కన్ను చేత్తో మూసుకునే ఉంది.

ఆగస్టు 28, గురువారం

ఇవాళ కూడా రెండు కనిపిస్తున్నాయట. నేను పెట్టిన అన్నం గిన్నె రెండు గిన్నెలు. ఇద్దరు తినే అన్నం ఒక్కదానికే పెట్టినవా, అని నాతో పరాచికం.

తగ్గుతుంది.

అదే రోజు, మళ్లీ

కళ్లకు తేడా వస్తే ఆగొద్దు అంది డాక్టరమ్మ. నేను మర్చిపోలేదు.

ఎంకమ్మ వదిన ఒప్పుకోదు. ఏం చేయను.

ఆగస్టు 29, శుక్రవారం

పొద్దున నేను పేడకళ్లు ఎత్తి వచ్చేసరికి, మంచం మీద పడుకున్న జయశ్రీ, పక్కన పీట మీద కూర్చున్న ఎంకమ్మ వదిన, ఇద్దరూ మాటలు ఆపి నన్ను చూశారు.

"ఇట్ల రా" అంది వదిన. పోయాను.

"డాక్టరమ్మ కర్నూలు పొమ్మన్నదంట గదా. మొన్న శనివారమే చెప్పిందంట."

నేను జయశ్రీ వైపు చూశాను. అది పైకప్పు వైపు చూస్తోంది. ఎన్ని పైకప్పులు కనిపిస్తున్నాయో.

"నువ్వు ఒప్పుకోవని చెప్పలే వదినా. బాలింత ఏరు దాటొద్దు గదా."

"ఎవరు చెప్పిన్రే?"

"పెద్దలు."

"పెద్దలంటే ఎవరు? ఈ ఇంట్ల నాకంటె పెద్ద ఎవరున్నరు? నేను ఎన్నడన్నా అన్ననా?"

ఆలోచించాను. వచ్చిన నాటి నుంచి ఆమె అన్న మాటలన్నీ వెనక్కి తిప్పి చూశాను. దూది అంది. పంచె అంది. నీళ్లు అంది, పగటి నిద్ర అంది. ఏరు అనలేదు.

"ఆ పెద్ద వరదలప్పుడు నా పెద్దబిడ్డ ఏటి ఒడ్డు ఊర్లె ఉండె. పచ్చి బాలింత. చేతుల పసిగుడ్డు. పుట్టిల ఎక్కించుకొని కృష్ణ దాటించిన. నీళ్లల్ల పాములు పోతుండె. నేను దాటించిన దాన్ని, నేను దాటొద్దంటనా?"

నేను కొంగుతో చేతులు తుడుచుకున్నాను. తడి లేదు, అయినా తుడుచుకున్నాను.

"కాఫీ కాచి కషాయమంటివి, మొదటి గుటకకే తెల్సింది నాకు. హైదరాబాదుల నా మనుమరాలింట్ల ఆర్నెల్లున్న నేను. పిల్లకు మంచిగైతుందేమో అని ఊకున్న. నాకు గూడ మంచిగనే ఉండె. మూటల నీళ్ల సీసా గూడ చూసిన. నేను పండుకోవద్దంటి, నీళ్లొద్దంటి, నాది తప్పే. నాకు తెల్సింది గంతే. మరి నీకు డాక్టరమ్మ నోటితోని చెప్పింది గదా."

తర్వాత గొంతు తగ్గించింది. వదిన గొంతు తగ్గిస్తే నాకు భయం.

"ఏరు పిల్లకు అడ్డం లేదు జానకీ. నీకు అడ్డమున్నది. లక్ష్మణ్‌ను తెచ్చిన తొవ్వ అది. నాకు తెల్వదా?"

నేను వంటింట్లోకి పోయాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. మా ఆయన గడపలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. చేనుకు పోలేదు. మొగ్గలు గిల్లే పని ఏమయింది అని అడగబోయి, ఊరుకున్నాను.

బయట షోయబ్ కారు హారను కొట్టాడు. నన్ను అడగకముందే పిలిపించారన్న మాట.

అదే రోజు, కర్నూలులో

దవాఖాన బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. డైరీ సంచిలోకి ఎట్లా వచ్చిందో, నేనే పెట్టి ఉంటాను.

కారులో జయశ్రీ తల నా ఒడిలో ఉంది. చంటిది వదిన దగ్గర ముందు సీట్లో. మా ఆయన జయశ్రీ కాళ్లు ఒళ్లో పెట్టుకుని ఇరుక్కుని కూర్చున్నాడు. ఎర్రవల్లి చౌరస్తా దాటాము. అక్కడే. నేను జయశ్రీ జుట్టులో పేలు వెతికాను. పేలు లేవు. అయినా వెతికాను.

తుంగభద్ర దగ్గర పడిందని గాలికే తెలిసింది. నేను దాని మొహం మీద నుంచి కళ్లు ఎత్తలేదు. అది పడుకుని కిటికీలో నుంచి పైకి చూస్తోంది.

"అమ్మా, బ్రిడ్జి ఎక్కినం. నాకు అన్ని స్తంభాలు రెండు రెండు కనబడ్తున్నయ్. రెండు బ్రిడ్జిలున్నట్టే లెక్క. ఒకటి లక్ష్మణ్ వచ్చింది. ఇంకోటి నాది. నువ్వు నా దాని మీద రా."

షోయబ్ పాట ఆపేశాడు. ముందు నుంచి వదిన చెయ్యి వెనక్కి వచ్చి నా మోకాలు మీద పడింది, గట్టిగా ఒక దెబ్బ వేసింది, అంతే.

లక్ష్మణ్‌ను తెచ్చిన కట్టడమే ఇది. ఆ గోడలే. నేను బయట కారు దగ్గర ఉంటానన్నాను. "నువ్వు యాడికి పోతవ్, బిడ్డ పిలుస్తుంది" అని వదిన చెయ్యి పట్టుకుని లోపలికి గుంజుకుపోయింది.

తలకు ఫోటో తీశారు. వేరే భయం ఏమీ లేదన్నారు. బీపీ బాగుందన్నారు. ఇన్ని రోజులు ఎందుకు ఆగారు అని అడిగారు. ఎంకమ్మ వదిన నా వైపు చూడకుండా, "మాది ఊరు సార్, మాకు జర ఆలస్యంగ తెల్సింది" అంది. అందరి ముందు ఎప్పుడూ నన్ను తిట్టే మనిషి.

అంతటితో ఆగితే ఎంకమ్మ ఎట్లా అవుతుంది. రక్తం సంగతి విని, పడుచు డాక్టరును పట్టుకుంది.

"చేతిల రక్తం నడుముల పోస్తే మంచిదేనా సార్? రక్తం దారి తప్పదా?"

"తప్పదమ్మా. ఆమె రక్తమే కదా."

"మా రక్తం గూడ తీసుకోండ్రి మరి. మాది చిక్కగుంటది."

"వద్దమ్మా. ఆమెది చాలు."

"అత్తమ్మా, మన చేన్ల క్రాసింగ్ చేసినట్టే" అంది స్ట్రెచర్ మీద నుంచి జయశ్రీ. "ఒక పువ్వుది తెచ్చి ఇంకో పువ్వుకు రుద్దుతం గదా. గట్ల."

డాక్టరుకు ఇది అర్థం కాలేదు. వదినకు వెంటనే అర్థమైంది. "గట్లనా. అయితే పొద్దుగాల చేస్తేనే మంచిగ పడ్తది" అంది.

తలుపు మూశారు. బెంచీ మీద మేము నలుగురం, చంటిదాన్ని కలిపి. పోయినసారి ఇదే వరసలో ఇంకో బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడు కూడా తలుపు మూశారు. తెరిచినప్పుడు డాక్టరు ముందు మా ఆయన్ని పక్కకు పిలిచాడు.

తలుపు తెరుచుకుంటోంది. నన్నే పిలుస్తున్నారు.

ఆగస్టు 30, శనివారం

రక్తం ఎక్కించాక కొంతసేపు కదలొద్దన్నారు. తర్వాత నన్ను లోపలికి పిలిచి, మెల్లగా లేపి కూర్చోబెట్టండి అన్నారు. నాకు చేతులు రాలేదు. వదిన ఒక భుజం పట్టుకుంది. నేను ఇంకోటి పట్టుకున్నాను.

కూర్చుంది. మేము దాని మొహం చూస్తున్నాము, సున్నం కోసం.

కాసేపు అయింది. ఇంకాసేపు అయింది. రంగు పోలేదు.

"ఏందమ్మా గట్ల జూస్తున్నరు? నా తల మీద ఏమన్న మొలిచిందా?" అంది.

రాత్రికి అక్కడే ఉంచుకున్నారు. చూపు మాత్రం ఇంకా రెండుగానే ఉంది, అది మెల్లగా సర్దుకుంటుంది, కొన్ని వారాలు పట్టొచ్చు, మళ్లీ చూపించండి అన్నారు. మళ్లీ అంటే మళ్లీ బ్రిడ్జి. సరే అన్నాను. నేనే అన్నాను, ఎవరూ అనిపించలేదు.

పొద్దున బయలుదేరేటప్పుడు జయశ్రీ వెనక పడుకోను పొమ్మంది. ముందు సీట్లో కూర్చుంది. చంటిది నా ఒడిలోకి వచ్చింది. ఎంకమ్మ వదిన, మా ఆయన, నేను వెనక ఇరుక్కున్నాము.

బ్రిడ్జి మీద ఈసారి కళ్లు ఎత్తాను. తుంగభద్ర ఎర్రగా, నిండుగా పోతోంది. ఎవరి సంగతీ పట్టనట్టు దాని దారిన అది పోతోంది. జయశ్రీ నిటారుగా కూర్చుని, షోయబ్ పాట మార్చమని ఒకటే గొడవ. ఈ పాట బాగా లేదని పోయిన వారమే చెప్పిన గదా అంటుంది. బండి అంత మెల్లగా పోతే పెళ్లికి పోతున్నామా అంటుంది. అద్దంలో ఇద్దరు ఎంకమ్మలు మూతి ముడుచుకున్నారు, వాళ్లలో ఎవరు నా అసలు అత్తమ్మ అంటుంది. వదిన, "జానకీ, నీ బిడ్డకు జర చెప్పు" అంది. నోరు మూసుకోవే అని చెప్పాను.

పోయినసారి ఈ బ్రిడ్జి మీద నా పక్కన వాడు పడుకుని వచ్చాడు. ఎంత పిలిచినా పలకలేదు. ఇవాళ ఇది కూర్చుని వచ్చింది. నోరు మూసుకోమంటే మూసుకోలేదు.